భండారు అచ్చమాంబ కథలు: కథాంగముల పరిశీలనము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



కథ చదివినవారు సాధారణముగ ఒక్క మాటతో తీర్పు చెప్పుదురు: బాగున్నది, లేదా బాగులేదు. ఎందుచేత బాగున్నదని యడిగినచో పలువురు తడబడుదురు. ఈ గ్రామమున ఎద్దును కొనబోవు రైతు అట్లు తడబడడు. అతడు పండ్లు చూచును, నడక చూచును, గిట్టలు చూచును, కాడి క్రింద మెడ వంచునో లేదో పరీక్షించును. అటుపిమ్మటనే సంచి విప్పును. కథకును అట్టి పరీక్ష కలదు. వస్తువు, దేశకాలములు, పాత్ర, సంభాషణ, కథకుని స్థానము, సంకేతము, ముగింపు అనునవి కథకు అంగములు. ఒక్కొక్క అంగమును వేరువేరుగ పట్టి చూచినవానికి కథ లోతు తెలియును, రచయిత ధైర్యము తెలియును, కొరతయును తెలియును. ఆ పరీక్షకు ఈ సభలో గ్రహింపబడినవి భండారు అచ్చమాంబగారి కథలు. ఆమె కథలను ఎన్నుకొనుటకు కారణములు రెండు. తెలుగులో ఆధునిక కథానికకు ఆరంభదశలోనే ఆమె కలము పట్టెను. ఆమె బాల్యమునకు ఈ నల్లగొండ సీమతో సంబంధము కలదు.

అచ్చమాంబగారు 1874లో కృష్ణామండలమందలి నందిగామలో జన్మించిరి. తల్లి గంగమాంబ, తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య. చిన్ననాటనే తండ్రి గతించుటచే ఆమె తల్లితోను, తమ్మునితోను సవతియన్నయగు శంకరరావుగారి ప్రాపున నల్లగొండ సీమలో పెరిగిరి. ఆ తమ్ముడే తరువాత విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి తెలుగువారికి శాస్త్రగ్రంథములను, చరిత్రగ్రంథములను అందించిన కొమర్రాజు లక్ష్మణరావుగారు. ఆయన తొలి చదువు భువనగిరిలో సాగినది. అక్కకు మాత్రము బడి లేదు. పదియేండ్ల వయసున ఆమెకు భండారు మాధవరావుగారితో వివాహమైనది. భర్త ఇంజనీరు ఉద్యోగముమీద మధ్యపరగణాలలో నుండుటచే ఆమె అచ్చటికి పోయిరి. తమ్ముడు నాగపురమున ఆమె యింట నుండి చదువుకొనుచుండగా, అతని ప్రక్కన గూర్చుండి ఆమెయును అక్షరములు నేర్చిరి. తెలుగుతో ఆగక హిందీ, మరాఠీ, వంగభాషలు నేర్చిరి, సంస్కృతమును అభ్యసించిరి. తమ్మునికి గురువు కలడు, పాఠశాల కలదు, పట్టము కలదు. అక్కకు కలిగినది అతని పుస్తకములో మిగిలిన చోటు మాత్రమే. ఆ చోటనే ఆమె చదువంతయు సాగినది.

కన్నబిడ్డలను కోల్పోయిన దుఃఖమును ఆమె లోకసేవలో మఱచుటకు యత్నించిరి. చరిత్రలోని స్త్రీల జీవితములను సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" యను గ్రంథమును రచించిరి. స్త్రీలు బలహీనులనియు బుద్ధిహీనులనియు నాడు ప్రబలియున్న వాదమును దృష్టాంతములతో ఖండించుటయే ఆ గ్రంథము యొక్క ఉద్దేశము. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో గూడి బందరులో బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. తెలుగుదేశమున సంచరించి ఇతర పట్టణములందును స్త్రీసమాజముల నెలకొల్పుటకు పాటుపడిరి. 1905లో, ముప్పది యేండ్లు దాటకయే, బిలాసపురమున ఆమె గతించిరి. ఇంతటి స్వల్పజీవితమున ఆమె వ్రాసిన కథలు పదికి మించును. అవి "తెలుగు జనానా", "హిందూసుందరి" మొదలగు స్త్రీల పత్రికలలో వెలువడినవి. "ధనత్రయోదశి", "స్త్రీవిద్య", "దంపతుల ప్రథమ కలహము" వానిలో పేర్కొనదగినవి.

గురజాడ అప్పారావుగారి "దిద్దుబాటు" 1910లో వెలువడినది. తొలి తెలుగు కథ యేది యని యడిగిన విద్యార్థులకు చిరకాలము ఆ పేరే చెప్పబడినది. "ధనత్రయోదశి" 1902లోనే అచ్చయినది. ఎనిమిదేండ్లు ముందు వచ్చిన కథ వెనుకకు పోవుటకు గుణలోపమొక్కటే హేతువని చెప్పుట సరికాదు. ఆ కథలున్న పత్రికలను భద్రపరచినవారు కొలదిమంది. 2010లో సంగిశెట్టి శ్రీనివాస్ గారు ఆమె కథలను సంపుటముగ ప్రకటించిన పిమ్మటనే సామాన్యపాఠకులకు అవి ఒక్కచోట లభ్యమైనవి. గ్రంథాలయమునకు సంబంధించిన ఈ సంగతికి చివర తిరిగి రావలసియుండును.

ఇక కథాంగములు. మొదటిది వస్తువు. "ధనత్రయోదశి" కథను క్లుప్తముగ చెప్పినచో ఇట్లుండును. దీపావళికి ముందు వచ్చు ఆశ్వయుజ బహుళ త్రయోదశి. ఊరంతయు పండుగ. వెంకటరత్నము, విజయలక్ష్మి యను దంపతుల యింట మాత్రము లేమి. భర్త ఒక వర్తకుని యొద్ద కొలువు చేయుచున్నాడు. పండుగనాటి అక్కఱ అతనిని యజమాని సొమ్ము తీయుటకు ప్రేరేపించినది. భార్య ఆ సొమ్మును అంగీకరింపక, మాటలచేత భర్త మనసును మరల్చి, అతనిని సత్యమార్గమునకు తెచ్చును. చివరకు వారికి మేలు కలుగును. దొంగసొమ్ము నిలువదను నీతి దీనిలో కలదని ఎవరైనను చెప్పగలరు. ఆ నీతి పెద్దబాలశిక్షలోను కలదు. నీతి యొక్కటియే కథయైనచో రచయితతో పని లేదు. కావున వస్తువును గుర్తించిన పిమ్మట, ఆ వస్తువును నడిపించుచున్నది ఎవరని యడుగవలెను. ఇచట తప్పు భర్తది, నిర్ణయము భార్యది. కథ మలుపు తిరిగిన చోట నిలిచియున్నది స్త్రీ. 1902 నాటి పాఠకునకు ఇది క్రొత్త.

రెండవది దేశకాలములు. రచయిత్రి కథను ఏనాడైనను జరిపింపవచ్చును. ధనత్రయోదశినాడే ఎందుకు జరిపించెను? అది లక్ష్మిని పిలుచు దినము. ప్రక్క యిండ్లలో దీపములు వెలుగుచుండగా తన యింట నూనెకు కరవైన తల్లి బాధ ఇతర దినములలో ఇంత పదునుగ నుండదు. పండుగ రోజున పేదవాని యిల్లు మఱింత పేదది యగును. నల్లగొండ పాలమూరు మెట్టసీమలలో కరవు సంవత్సరములు గడపినవారికి ఈ మాటను వివరింపనక్కఱలేదు. చెరువు నిండని యేడు బతుకమ్మకు క్రొత్త చీర కొనజాలని యింట పిల్ల మొగము చూడలేక తలవంచుకొన్న తండ్రులు ప్రతి గ్రామమునను కలరు. అట్టి దినమున వచ్చిన సొమ్మును వలదనుటకు ఎంత బలము కావలెనో ఆలోచింపుడు. కాలనిర్ణయము చేతనే విజయలక్ష్మి పాత్రకు బరువు వచ్చినది. ఇదే సంఘటన సామాన్యదినమున జరిగినచో ఆమె తిరస్కారము తేలిక యగును.

మూడవది పాత్ర. విజయలక్ష్మి మంచిదని రచయిత్రి చెప్పుట ఒక రీతి. ఆమె మంచితనమును పరీక్షకు పెట్టుట మఱియొక రీతి. పాఠకుడు రెండవదానినే నమ్మును. ఆమె యెదుట నున్నవి రెండు ధర్మములు. భర్త మాట జవదాటరాదని పెద్దలు చెప్పిన ధర్మము ఒకటి, అన్యాయార్జితము ముట్టరాదను ధర్మము రెండవది. ఈ రెండును ఢీకొన్నపుడు ఆమె రెండవదానిని గ్రహించును. అచ్చమాంబగారు ఇచట చాకచక్యముగ నడచిరి. భార్య భర్తను ఎదిరించిన కథను ఆ కాలపు గృహస్థుడు ఇంటిలోనికి రానీయడు. భార్య భర్తను పాపమునుండి రక్షించిన కథను అతడే తెచ్చి యింట చదివించును. పురాణములలో సావిత్రిని పూజించువారు విజయలక్ష్మిని కాదనలేరు. పాతకుండలో క్రొత్త విత్తనము మొలకెత్తినట్లు, పతివ్రతయను పాతరూపములోనే స్త్రీ స్వంతబుద్ధి తల యెత్తినది.

నాల్గవదియగు సంభాషణము ఈ కథలన్నిటికిని ప్రాణము వంటిది. ఒగ్గుకథలో కథను నడిపించు గొంతు ప్రధానముగ చెప్పువానిది. రాణి ఏడ్చినను, రాక్షసుడు గర్జించినను, వినవచ్చునది అతని గొంతే. ఆధునిక కథానికలో చెప్పువాడు ప్రక్కకు తొలగి పాత్రలనే మాటాడనీయవచ్చును. "స్త్రీవిద్య" కథలో అచ్చమాంబగారు ఆ పనియే చేసిరి. ఆ కథ భార్యాభర్తల సంభాషణరూపముననే నడచును. చదువుకొమ్మని భర్త ప్రోత్సహించును. భార్య తన సందేహములను, లోకులేమందురో యను వెఱపును బయటపెట్టును. ఆ శంకలకు సమాధానములు వచ్చును. స్త్రీవిద్యను గూర్చి ఆ దినములలో వ్యాసములకు కొదువ లేదు. వ్యాసములో వాదించునది ఒకే గొంతు. చదువవలసిన స్త్రీ ఆ వాదమును వినును గాని, అందులో మాటాడదు. సంభాషణరూపమున ఆమెకు ఎదురు చెప్పు హక్కు లభించును. ఆమె శంకలు అజ్ఞానముగ తోసివేయబడక, జవాబు చెప్పదగినవిగ ఎంచబడును. ఇది రూపమునకు సంబంధించిన విషయమని కొందఱు తలంపవచ్చును. నిజమునకు ఆ రూపమే ఒక సంస్కారము. స్త్రీని గూర్చి మాటాడుటకును, స్త్రీని మాటాడనిచ్చుటకును గల భేదము అందు కలదు.

ఆ భేదము గ్రామస్థులకు అనుభవసిద్ధము. చదువురాని యిల్లాలు దూరమందున్న భర్తకు ఉత్తరము వ్రాయింపవలెనన్న ఎవరి గడపయో ఎక్కవలెను. తన మనసులోని మాటను మొదట పరాయివాని చెవిలో వేయవలెను. అతడు వ్రాసినదే ఆమె మాట యగును. బదులు వచ్చినను అతడు చదివినంతయే ఆమెకు దక్కును. చదువు వచ్చిన నాడు ఆమెకు కలుగు మొదటి లాభము ఉద్యోగము కాదు, ధనము కాదు. తన మాట తనదగుట. అచ్చమాంబగారి సంభాషణలను ఈ దృష్టితో చదివినచో వాని వెనుకనున్న ఆరాటము బోధపడును.

"దంపతుల ప్రథమ కలహము" అను కథలో సంభాషణము మఱింత వాడిగ నడచును. క్రొత్త దంపతులకు మాటపట్టింపు వచ్చును. భార్యయనగా ఆజ్ఞకు లోబడు దాసి కాదను భావమును ఆమె వెలిబుచ్చును. తరువాత హితవు వచ్చును, సఖ్యము కుదురును. సర్దుకొనుమని చెప్పిన కథయే గదా, ఇందు క్రొత్త యేమున్నదని యడుగువారుందురు. కథలో ఒకసారి పలుకబడిన మాట ముగింపు వచ్చినంతమాత్రమున చెరిగిపోదు. పాఠకురాలు పుస్తకము మూసిన పిమ్మట హితవును మఱువవచ్చును, ఆ మాటను మఱువదు. పాత్ర ఏమి చేసెనో చూచుటతోపాటు, ఏమి పలికెనో చూడవలసిన అవసరము ఇందుచేతనే కలుగుచున్నది.

ఐదవది కథకుని స్థానము. కథ ఎవరి కన్నులతో చూడబడుచున్నది? అచ్చమాంబగారు తఱచుగ ఇంటిలోపల నిలిచి కథ చెప్పుదురు. అంగడి, కచ్చేరి, వీధి దూరమున వినబడును. వంటయిల్లు, పడకటిల్లు, నడవ దగ్గఱ కనబడును. పురుషులు వ్రాసిన సంస్కరణసాహిత్యములో పలుమాఱు స్త్రీ యొక సమస్యగ కనబడును: బాలవితంతువు, కన్యాశుల్కమునకు అమ్ముడుపోయిన పిల్ల, విద్యలేని యిల్లాలు. ఆమెను ఎవరో ఉద్ధరింపవలెను. అచ్చమాంబగారి కథలో ఆమె సమస్య కాదు, సమస్యను విప్పు మనిషి. "దిద్దుబాటు"తో పోల్చినచో ఈ సంగతి తేటపడును. గురజాడవారి కథలో కమలిని అను చదువుకొన్న భార్య, దారి తప్పిన భర్తను యుక్తిచేత దిద్దును. ఆ కథయందు ఆమె చాలవఱకు తెరవెనుకనే యుండును, భర్త తల్లడిల్లుట ముందు కనబడును. "ధనత్రయోదశి"లో భార్య ఎదుట నిలిచి ముఖాముఖి మాటాడును. శిల్పమున గురజాడవారిది మిక్కిలి నేర్పుగల కథ. వాడుకభాష దానికిచ్చిన జీవము అచ్చమాంబగారి గ్రాంథికమునకు లేదు. అయినను భర్తను దిద్దు భార్యను తెలుగుకథలో ముందుగ నిలబెట్టిన గౌరవము ఆమెకు చెల్లవలసినదే.

ఆఱవది సంకేతము. "ధనత్రయోదశి" అను శీర్షికయే సంకేతము. లక్ష్మి ఏ రూపమున ఇంటికి వచ్చును? భర్త చేతిలోని సొమ్ముగనా, ఆ సొమ్మును త్రోసిపుచ్చిన విజయలక్ష్మిగనా? పేరులోనే సమాధానము దాగియున్నది. ఈ సంకేతము సులభమైనది, కొంచెము బహిరంగమైనది. సంకేతము తరువాతి స్త్రీల కథలలో ఎంత దూరము పోయినదో తెలియుటకు అబ్బూరి ఛాయాదేవిగారి "బోన్సాయ్ బ్రతుకు" చూడవలెను. 1933లో జన్మించి 2019లో గతించిన ఛాయాదేవిగారు ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున గ్రంథాలయాధికారిణిగ పనిచేసినవారు. "తన మార్గం" కథాసంపుటమునకు 2005లో సాహిత్య అకాడెమీ బహుమానము నందినవారు. వారి కథలో చదువుకొని ఉద్యోగము చేయుచున్న చెల్లెలి యింటికి, చిన్ననాటనే చదువు మాన్పింపబడిన అక్క వచ్చును. చెల్లెలు కుండీలలో ముచ్చటగ పెంచిన మఱుగుజ్జు చెట్లు అచట కలవు. గాలిదుమారము రేగగనే వానిని లోపలికి చేర్చి కాపాడవలసివచ్చును. వీధిలో స్వేచ్ఛగ పెరిగిన తురాయిచెట్టు తాను గాలికి నిలిచి, దారినపోవువారికి నీడ యిచ్చును. ఆ రెండు చెట్లను చూచి ఆడుదాని బ్రతుకును గ్రహించునది చదువుకొన్న చెల్లెలు కాదు, చదువులేని అక్క. అచ్చమాంబగారి కాలమున స్త్రీకి విద్య కావలెనని వాదింపవలసియుండెను. ఛాయాదేవిగారి కాలమునకు విద్య వచ్చినది. కొమ్మలు కత్తిరించి పెంచు పద్ధతి మాత్రము పోలేదని కథ తెలుపుచున్నది.

చివరి అంగము ముగింపు. పరీక్ష ఇచట కఠినముగ నుండవలెను. "ధనత్రయోదశి"లో ధర్మము నిలిచినది, మేలు కలిగినది. ఆ మేలు వచ్చినది ఎవరి చేతినుండి? యజమాని చేతినుండి. నమ్మకముగ పనిచేయువాని యింట పండుగనాడు దీపము లేకపోవుటకు కారణమేమి, అతని జీతమెంత, యజమాని లాభమెంత అను ప్రశ్నలను కథ అడుగలేదు. వెట్టిచాకిరిని ఎఱిగిన ఈ నేల పాఠకునికి ఆ ప్రశ్న తోచక మానదు. తోచవలెను గూడ. ఇల్లాలి శీలమును పరీక్షకు పెట్టిన రచయిత్రి యజమాని న్యాయమును పరీక్షకు పెట్టలేదు. అట్లే ఆమె నాయికలు గడప లోపలనే గెలుతురు. గడప దాటి సంఘమును నడిపిన స్త్రీని ఆమె కథలకంటె ఆమె జీవితములోనే స్పష్టముగ చూడగలము. బందరులో స్త్రీలను సమాజముగ కూర్చిన అచ్చమాంబ వంటి స్త్రీకి ఆమె కథలలో తగినంత చోటు దొరకలేదు. ముప్పది యేండ్లకే ఆగిన కలమునుండి ఇంతకంటె కోరుట న్యాయము కాకపోవచ్చును. కాని కొరతను కొరతగ చెప్పుట రచయిత్రికి అవమానము కాదు. కేవలము తొలి కథకురాలని దండ వేసి, కథను చదువకుండుటయే అసలైన అవమానము.

ఈ పరిశీలనమునుండి గ్రామపాఠకులు గ్రహింపదగినవి మూడు ప్రశ్నలు. కథలో మాటాడుచున్నది ఎవరు? కథ మలుపు తిరిగిన చోట నిర్ణయించినది ఎవరు? ముగింపున లాభపడినది ఎవరు? ఈ మూడింటిని అడుగుటకు పాండిత్యము అక్కఱలేదు. ఏడవ తరగతి చదివిన పిల్లయు అడుగవచ్చును. అచ్చమాంబ కథనే కాదు, వారపత్రికలోని ధారావాహికను, వెండితెరమీది చిత్రమును, ఇంటిలో వినవచ్చు సామెతను సైతము ఈ మూడు ప్రశ్నలతో పరీక్షింపవచ్చును.

చివరగ గ్రంథాలయమును గూర్చి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలలో అచ్చమాంబగారి తమ్ముడు లక్ష్మణరావుగారు ఒకరు. తెలంగాణమున తెలుగు గ్రంథాలయోద్యమమునకు అది నాంది. తమ్ముడు గ్రంథములకు ఇల్లు కట్టుటకు చేయూతనిచ్చిన ఆ యేండ్లలోనే అక్క పత్రికలకు కథలు వ్రాయుచుండెను. గ్రంథములు బీరువాలలో నిలిచినవి. స్త్రీల పత్రికలు పొట్లములు కట్టుటకు పోయినవి. ఒక స్త్రీ కథను తెలుగుదేశము శతాబ్దకాలము దాదాపు మఱచుటలో ఆ పొట్లములకును భాగము కలదు. ఏ పుస్తకము దాచదగినది, ఏది పాతకాగితములవానికి వేయదగినది అని నిర్ణయించువారు సాహిత్యచరిత్రను గూడ నిర్ణయించుచున్నారు. ఈ గ్రంథాలయ బీరువాలలోని పాత సంచికలను, ముఖ్యముగ స్త్రీలు వ్రాసినవానిని, పట్టికలో చేర్చి భద్రపరచుట రజతోత్సవ సంవత్సరమున చేపట్టదగిన పని.

దానితోపాటు మఱియొక పని కలదు. రానున్న దీపావళికి ముందటి త్రయోదశి సాయంకాలమున ఇచటనే "ధనత్రయోదశి" కథను బిగ్గఱగ చదివింపవచ్చును. వెంకటరత్నము మాటలను ఒక పురుషుడును, విజయలక్ష్మి మాటలను గ్రామమందలి ఒక సోదరియు చదువవలెను. విన్నవారు ఆ మూడు ప్రశ్నలకును తమకు తోచిన సమాధానములు చెప్పవలెను. అక్షరములు రాని తల్లులను ముందువరుసలో కూర్చుండబెట్టవలెను. చదువబడిన కథను గూర్చి మొట్టమొదట వారి అభిప్రాయమే అడుగవలెను.

గ్రంథాలయము వర్ధిల్లుగాక. దానిలో స్త్రీల పేర చేరిన చందాలు ఏటేట పెరుగుగాక.